వేప్ (ఈ-సిగరెట్) పీల్చిన వెంటనే ఊదితే బ్రీత్ ఎనలైజర్‌లో మందు తాగినట్టు చూపిస్తుందా?

సిరి_నిజాంపేట
ఆదివారం, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. రాత్రంతా నిద్ర లేదు, అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడికి 24 ఏళ్ళు. గచ్చిబౌలిలో ఉద్యోగం. నిన్న రాత్రి ఫ్రెండ్ పుట్టినరోజుకని వెళ్ళి, బండి మీద తిరిగి వస్తుంటే డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్‌లో ఆపారు. ఊదిస్తే 46 వచ్చింది. కేసు రాసి బండి తీసుకున్నారు. ఒంటిగంటకి ఆటోలో ఇంటికొచ్చాడు.

మందు ముట్టలేదనే అంటున్నాడు. ఫ్రెండ్ దగ్గరున్న వేప్ తీసుకుని దారిలో సిగ్నల్ దగ్గర నాలుగైదు దమ్ములు లాగాడట. రెండు మూడు నిమిషాలకే పోలీసులు ఆపి ఊదించారట. "అక్కా, ఆ వేప్ వల్లే వచ్చింది, నన్ను నమ్ము" అని ఒకటే ఏడుపు. నాన్న వాడి మొహం చూడటం లేదు. మా చిన్నాన్న తాగుడు వల్లే పోయాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఆ మాటంటేనే భయం.

నేను అడిగేది ఒక్కటే. వేప్ పీలిస్తే ఆ మిషన్‌లో నిజంగా ఆల్కహాల్ చూపిస్తుందా? నాన్నతో మాట్లాడే ముందు నాకు తెలియాలి. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

బాలు_బెజవాడ
ఆదివారం, ఉదయం 7:48

సిస్టర్, వేప్‌లో ఉండేది నికోటిన్. ఆల్కహాల్ ఉండదు. మీ తమ్ముడు భయపడి అబద్ధం చెబుతున్నాడు. ఈ వయసులో అందరూ ఇలాగే చెబుతారు. ఒక్కసారి గట్టిగా అడగండి, నిజం బయటికొస్తుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
ఆదివారం, ఉదయం 8:35

బాలు గారూ, తొందరపడకండి. వేప్‌లో ఆల్కహాల్ ఉండదన్న మాట పొరపాటు. నేను 30 ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

వేప్‌లో పోసే ద్రవంలో ముఖ్యంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్. వీటికి తోడు మామిడి, పుదీనా, వెనీలా లాంటి ఫ్లేవర్లు. ఆ ఫ్లేవర్లను కరిగించడానికి చాలాచోట్ల ఇథనాల్ వాడతారు. ఇథనాల్ అంటే మందులో ఉండే ఆల్కహాలే. అమెరికాలో బజారులో దొరికే వేప్ ద్రవాలను పరీక్షిస్తే చాలావాటిలో అది కనిపించింది, కొన్నింట్లో 20 శాతం దాకా. యేల్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో ఒక పరిశోధనకి వాడిన ద్రవంలో అయితే 23.5 శాతం ఉంది. మన దేశంలో వేప్ అమ్మకమే నిషేధం కాబట్టి ఇక్కడ దొరికేదంతా దొంగచాటు సరుకు. డబ్బా మీద ఏం రాసినా నమ్మడానికి లేదు.

ఇక మిషన్ సంగతి. పోలీసుల చేతిలో ఉండే మిషన్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ సెల్ రకం. లోపల ప్లాటినం పూత పూసిన పలకలుంటాయి. మనం ఊదిన గాలిలోని ఇథనాల్ ఆ పలకల మీద ఆక్సీకరణ చెంది ఎసిటిక్ యాసిడ్‌గా మారుతుంది. ఆ మార్పులో చిన్న కరెంటు పుడుతుంది. ఎంత కరెంటు పుడితే అంత రీడింగ్. ఆ ఇథనాల్ ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చిందా, నోట్లో నాలుక మీద తడిగా ఉన్నదా అనేది ప్లాటినానికి తెలియదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. మన చట్టం ప్రకారం లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో 0.3 మిల్లీగ్రాములు. మిషన్ ఊపిరి నుంచి రక్తానికి లెక్క కట్టేటప్పుడు ఒక మిల్లీలీటరు రక్తంలో ఎంత ఉందో 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో అంత ఉంటుందని తీసుకుంటుంది. అంటే లీటరు ఊపిరిలో సుమారు 0.14 మిల్లీగ్రాముల ఇథనాల్ ఉంటే చాలు, లిమిట్ తాకినట్టే.

ఇప్పుడు ఒక దమ్ము లాగితే కొన్ని మిల్లీగ్రాముల ద్రవం ఆవిరవుతుంది. 5 అనుకుందాం. అందులో 20 శాతం ఇథనాల్ ఉంటే ఒక మిల్లీగ్రాము. మిషన్‌కి కావలసింది 0.14. అంటే ఆ దమ్ములో ఏడో వంతు నోట్లో, గొంతులో మిగిలి ఊదిన లీటరు గాలిలో కలిసి వచ్చినా చాలు. కాబట్టి అమ్మా సిరీ, మీ ప్రశ్నకు జవాబు అవును. ఇథనాల్ ఉన్న వేప్ అయితే, పీల్చిన మరుక్షణం ఊదితే రీడింగ్ రావచ్చు.

అయితే అది ఎంతసేపు ఉంటుంది అనేదే అసలు విషయం. నోట్లో మిగిలిన ఆ కాస్త ఆవిరి లాలాజలంతో, ఊపిరితో నిమిషాల్లో పోతుంది. అందుకే 15 నిమిషాలు ఆగి ఊదించాలన్న నియమం చాలా దేశాల్లో ఉంది. వేప్ మీద చేసిన పరీక్షల్లోనూ అదే తేలింది. పీల్చగానే ఊదితే రీడింగ్, పావుగంట ఆగి ఊదితే ఏమీ లేదు. రక్తంలోకి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో దగ్గరదగ్గర 38 గ్రాముల ఇథనాల్ ఉంటుంది. దమ్ముకు ఒక మిల్లీగ్రాము చొప్పున అంత చేరాలంటే 38,000 దమ్ములు లాగాలి.

మీ తమ్ముణ్ణి రెండు విషయాలు అడగండి. దమ్ము లాగిన ఎన్ని నిమిషాలకి ఊదాడు? ఒక్కసారే ఊదించారా, ఆగి మళ్ళీ ఊదించారా? మిషన్ నుంచి వచ్చిన కాగితం ఇచ్చి ఉంటే దాని మీద టైము ఉంటుంది.

బాలు_బెజవాడ
ఆదివారం, ఉదయం 8:52

మాస్టారూ, తెలియక రాశాను. సిస్టర్, క్షమించండి.

ఎర్రబస్సు_డ్రైవర్
ఆదివారం, ఉదయం 10:05

సిరి అమ్మా, నేను ఆర్టీసీలో 19 ఏళ్ళుగా డ్రైవర్‌ని. మాకు రోజూ డ్యూటీ ఎక్కే ముందు డిపో గేటు దగ్గర ఊదిస్తారు. ఊదిన తర్వాతే చార్టు చేతికిస్తారు. అందుకని ఈ మిషన్‌తో నాకు రోజూ పరిచయమే. మాస్టారు చెప్పింది నా ఒంటి మీద జరిగింది, చెబుతాను.

నాలుగేళ్ళ కిందట చలికాలంలో గొంతు పట్టేసింది. మా ఆవిడ హోమియో చుక్కలు తెచ్చింది, అవి ఆల్కహాల్‌లో కలిపినవి. పొద్దున నాలుగుంపావుకి డిపో చేరి, గేటు దగ్గర నాలుక మీద చుక్కలు వేసుకుని లోపలికి నడిచాను. ఊదితే 22 చూపించింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మాకు సున్నా రావాలి, సున్నా కాకపోతే డ్యూటీ లేదు, పైగా ఎంక్వయిరీ. జీవితంలో చుక్క ముట్టని మనిషిని. మా కంట్రోలర్ పెద్దమనిషి. ఏం తిన్నావు, ఏం తాగావు అని అడిగి, నోరు పుక్కిలించి కూర్చోమన్నాడు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగు నలభైకి మళ్ళీ ఊదితే 0. ఐదింటి బండి తీసుకుని వెళ్ళాను. ఆ రోజు స్టీరింగ్ మీద నా చేతులు వణకడం ఇప్పటికీ గుర్తే.

ఆ కంట్రోలర్ ఆ పావుగంట ఆగకపోతే నా సర్వీసు పుస్తకంలో ఏం రాసేవారో. 2025లో కేరళలో పందళం డిపోలో పనస తొనలు తిన్న డ్రైవర్లకి కూడా ఇలాగే రీడింగ్ వచ్చింది, పేపర్లలో చూసే ఉంటారు. బాగా మగ్గిన పనస పులిసి అలా వచ్చిందని తేలింది. మళ్ళీ ఊదించి చూశాకే వాళ్ళని నమ్మారు.

మీ తమ్ముడు నిజం చెబుతున్నాడంటే రెండోసారి సున్నా రావాలమ్మా. అది ఒక్కటి కనుక్కోండి.

కోర్టుబాట_నల్గొండ
ఆదివారం, ఉదయం 11:30

సిరి గారూ, నేను లాయర్‌ని. కేసు వివరాలు ఇక్కడ పెట్టకండి, పేరు, బండి నంబరు అసలే వద్దు. మామూలుగా తెలియాల్సినవి చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. రెండోసారి అయితే రెండేళ్ళ వరకు జైలు, 15,000 జరిమానా. 2019 సవరణతో ఈ మొత్తాలు వచ్చాయి. లైసెన్స్ సస్పెండ్ అయ్యే అవకాశం కూడా ఉంది. కోర్టుకి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది, ఇంట్లోవాళ్ళలో ఒకరు వెంట వెళ్ళాలి. హైదరాబాద్‌లో గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లలో జరిగేది అదే.

ఊదను అని మొండికేస్తే మంచిదని కొందరు సలహా ఇస్తుంటారు. వద్దు. కారణం లేకుండా నిరాకరిస్తే, ఆ నిరాకరణనే 205వ సెక్షన్ కింద ఎదుటివాళ్ళు సాక్ష్యానికి బలంగా చూపిస్తారు. ఊదాలి. కానీ "ఇప్పుడే వేప్ పీల్చాను" లేదా "ఇప్పుడే మందు చుక్కలు వేసుకున్నాను, పావుగంట ఆగి మళ్ళీ ఊదుతాను" అని మర్యాదగా, అక్కడున్న అందరికీ వినబడేలా అడగాలి. రక్త పరీక్ష సంగతి 204లో ఉంది. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరగాలని 202 చెబుతుంది.

ఇంకో మాట. వేప్ వల్ల వచ్చిందని కోర్టులో చెప్పే ముందు బాగా ఆలోచించాలి. 2019లో వచ్చిన ఈ-సిగరెట్ల నిషేధ చట్టం ప్రకారం తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నేరాలే. అమ్మినవాడికి మొదటిసారే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఫ్రెండ్ పేరు చెప్పాల్సి వస్తుంది. నిజమైతే చెప్పక తప్పదు. కానీ అబద్ధం మీద కేసు నిలబెట్టుకోవద్దు.

కూల్_రైడర్_99
ఆదివారం, మధ్యాహ్నం 12:10

అయితే ఇది మంచి ఐడియానే కదా బ్రో. జేబులో ఒక వేప్ పెట్టుకుంటే సరి. ఆపగానే వేప్ వల్ల వచ్చింది అని చెప్పొచ్చు. మిషన్ నిజంగా చూపిస్తుందని మాస్టారే చెప్పారుగా.

ఎమర్జెన్సీ_నర్సు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

కూల్ రైడర్ తమ్ముడూ, నేను శనివారం రాత్రుళ్ళు క్యాజువాలిటీలో డ్యూటీ చేస్తాను. పోయిన నెల ఒకమ్మాయిని తెచ్చారు. స్కూటీ మీద వెళ్తుంటే వెనకనుంచి ఎవరో తాగి వచ్చి గుద్దారు. చేతిలో టిఫిన్ కవరు అలాగే ఉంది, పచ్చడి కారి చేతికంతా అంటుకుంది. నేనే తుడిచాను. వాళ్ళమ్మ వచ్చేసరికి ఆ అమ్మాయి లేదు. ఈ మాట దయచేసి ఇంకెక్కడా రాయకు.

కెమిస్ట్రీ_మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 1:15

నర్సమ్మ గారూ, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

బాబూ కూల్ రైడర్, నేను చెప్పిన దాంట్లో సగమే పట్టుకున్నావు. వేప్ రీడింగ్ పావుగంటకి పోతుంది. తాగిన రీడింగ్ పోదు. రక్తంలోకి ఎక్కిన ఆల్కహాల్‌ను కాలేయం 100 మిల్లీలీటర్ల రక్తానికి గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గిస్తుంది. కాఫీ తాగినా, తలస్నానం చేసినా, పుదీనా నమిలినా ఆ లెక్క మారదు. వేప్ అని చెప్పినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి మళ్ళీ ఊదిస్తే ఎవరి మాట నిజమో మిషనే చెబుతుంది. వేప్ సాకు తాగినవాణ్ణి కాపాడదు. తాగనివాణ్ణి కాపాడేది ఆ రెండో పరీక్ష.

డల్లాస్_రవి
ఆదివారం, రాత్రి 8:05

ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం కూడా రాయాలనిపించింది. ఇక్కడ వేప్ దుకాణాల్లో అమ్ముతారు, పిల్లలు కారులో కూర్చుని పీలుస్తూనే ఉంటారు. "వేప్ వల్ల మిషన్ తప్పు చూపించింది" అన్న మాట ఇక్కడా చాలాసార్లు విన్నాను.

మా రూమ్మేట్ ఒకతను, హెచ్1బీ మీద ఉన్నాడు. రెండు పెగ్గులు తాగి నడిపి అర్ధరాత్రి దొరికాడు. రోడ్డు పక్కన చిన్న మిషన్‌లో ఊదించి, తర్వాత స్టేషన్‌కి తీసుకెళ్ళారు. కారులో వేప్ పీల్చిన మాట నిజమే. అతని లాయర్ కూడా మొదట అదే పట్టుకున్నాడు. కానీ టెక్సస్‌లో స్టేషన్‌లో పెద్ద మిషన్‌లో ఊదించే ముందు ఆపరేటర్ కనీసం 15 నిమిషాలు మనిషి దగ్గరే ఉండాలి. ఆ టైములో నోట్లో ఏమీ పెట్టుకోనివ్వరు. ఆ మిషన్ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కొలుస్తుంది, రెండు శాంపిళ్ళు తీసుకుంటారు, రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. వీడియో చూస్తే అతను బల్ల మీద చేతులు కట్టుకుని 15 నిమిషాల పైనే కూర్చున్నాడు. ఆ తర్వాత ఊదినా ఇక్కడి లిమిట్ 0.08 (మన లెక్కలో 80) దాటింది. వేప్ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ మనవాళ్ళు తెలుసుకోవాల్సిన పెద్ద విషయం ఇంకొకటి. చివరికి అతని కేసు తగ్గించారు, జైలుకి వెళ్ళలేదు. కానీ వీసా మాత్రం అరెస్టయిన కొన్ని వారాలకే రద్దయినట్టు ఈమెయిల్ వచ్చింది. తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, శిక్ష పడకపోయినా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయొచ్చు. 2015 నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. దేశంలో ఉన్నంతవరకు ఉద్యోగం చేసుకోవచ్చు, ఇండియా వెళ్తే మాత్రం మళ్ళీ స్టాంపింగ్. వాళ్ళ నాన్నకి బైపాస్ అయితే వెళ్ళలేక ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఏడాదికి వెళ్ళి, హైదరాబాద్‌లో కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకుని స్టాంపింగ్ తెచ్చుకున్నాడు.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో ముక్క. లైసెన్స్ సస్పెన్షన్ నోటీసు చేతికిచ్చిన 15 రోజుల్లోపే హియరింగ్ అడగాలి. ఆ గడువు దాటితే లైసెన్స్ దానంతట అదే ఆగిపోతుంది. మా వాడికి ఆ సంగతి 13వ రోజున తెలిసింది.

లీడ్స్_లక్ష్మి
ఆదివారం, రాత్రి 9:30

ఇంగ్లండ్‌లో లిమిట్ 80, స్కాట్లండ్‌లో 50. మన 30 కన్నా ఎక్కువ. ఇంటికొచ్చినప్పుడు ఆ తేడా మర్చిపోయి నడిపేవాళ్ళున్నారు, జాగ్రత్త. ఇక్కడ కూడా ఇప్పుడే తాగాను అంటే 20 నిమిషాలు ఆగి ఊదిస్తారు.

ముగ్గురి_అమ్మ
ఆదివారం, రాత్రి 9:50

విషయం కాదేమో గానీ అడుగుతున్నాను. మా పెద్దవాడు పదో తరగతి. బ్యాగులో పెన్‌డ్రైవ్ లాంటిది కనిపించింది, మామిడిపండు వాసన వస్తోంది. అది వేపేనా?

కెమిస్ట్రీ_మాస్టారు
ఆదివారం, రాత్రి 10:02

చాలావరకు అదే అయి ఉంటుందమ్మా. కొట్టకండి, ముందు కూర్చోబెట్టి అడగండి. విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, నేను వచ్చి రాస్తాను.

సిరి_నిజాంపేట
ఆదివారం, రాత్రి 10:40

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పొద్దున్నుంచి ప్రతి పోస్టూ రెండేసి సార్లు చదివాను.

మాస్టారు చెప్పినట్టు తమ్ముణ్ణి కాగితం అడిగాను. లేదన్నాడు. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు ప్యాంటు ఉతకడానికి తీస్తే జేబులో దొరికింది. ఒకటి కాదు, రెండు. మెడికల్ షాపు బిల్లులా సన్నటి కాగితాలు, చెమటకి సగం చెరిగిపోయాయి. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను.

మొదటిది 11:52 కి, 46. రెండోది 12:14 కి, 41.

అంటే వాడు వేప్ అని చెప్పినప్పుడు వాళ్ళు ఆపి మళ్ళీ ఊదించారన్నమాట. తగ్గింది కదా మాస్టారూ? 46 నుంచి 41 కి తగ్గిందంటే వేప్ వల్లే అని అనుకోవచ్చా? మీరు అవునంటారేమో అని ఆశగా ఉంది. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కెమిస్ట్రీ_మాస్టారు
ఆదివారం, రాత్రి 11:20

అమ్మా సిరీ, ఈ జవాబు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

రెండు కాగితాల మధ్య 22 నిమిషాలు. వేప్ ఆవిరి అయితే 22 నిమిషాల్లో 46 కాస్తా సున్నాకో, సున్నాకి దగ్గరకో రావాలి. డ్రైవర్ గారికి 22 సున్నా అయింది చూశారుగా. మీ తమ్ముడికి తగ్గింది 5. రక్తంలో ఉన్న ఆల్కహాల్ గంటకి సుమారు 15 తగ్గుతుందని మధ్యాహ్నం రాశాను. 22 నిమిషాలకి లెక్క కట్టండి, ఐదున్నర వస్తుంది. ఆ 5 సరిగ్గా ఈ తగ్గుదలే. మొదటి రీడింగ్‌లో వేప్ వల్ల కలిసింది ఏమైనా ఉన్నా అది చాలా స్వల్పం. రెండో కాగితం మీద ఉన్న 41 రక్తంలోదే. అతను తాగాడమ్మా.

అయితే ఇంకో లెక్క కూడా చెప్పాలి, అతని తరఫున. 41 అంటే ఒళ్ళు తెలియకుండా తాగినట్టు కాదు. 70 కిలోల మనిషి ఒక్క 650 స్ట్రాంగ్ బీరు తాగితే రక్తంలో 80 దాకా వెళుతుంది. రెండున్నర గంటలు గడిచినా 40 పైన ఉంటుంది. "తొమ్మిదింటికి ఒక్క బీరు తాగాను, పన్నెండింటికి ఏం ఉంటుందిలే" అనుకునే కుర్రాళ్ళు ఎంతమందో. బహుశా మీవాడు కూడా అలాగే అనుకున్నాడేమో. బండి ఎక్కేటప్పుడు తను బాగానే ఉన్నానని నిజంగానే నమ్మి ఉంటాడు. అతనితో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎర్రబస్సు_డ్రైవర్
సోమవారం, ఉదయం 5:10

డ్యూటీకి పోతూ చదివాను. తిట్టకమ్మా వాణ్ణి. భయానికి ఒక అబద్ధం చెప్పాడు. ఆ రెండు కాగితాలు పక్కన పెట్టి మామూలుగా అడుగు, చెబుతాడు.

కోర్టుబాట_నల్గొండ
సోమవారం, ఉదయం 9:15

సిరి గారూ, ఇప్పుడు దారి తేలికైంది. రెండుసార్లు ఊదించారు, మధ్యలో 20 నిమిషాల పైన టైము ఇచ్చారు, రెండింటి మీదా టైము ఉంది. ఆ రాత్రి అక్కడున్నవాళ్ళు పద్ధతిగానే చేశారు. దీన్ని వేప్ పేరుతో కొట్లాడటం వృథా. ఫ్రెండ్‌ని కూడా ఇరికించినట్టవుతుంది.

మొదటి కేసు, రీడింగ్ తక్కువ, యాక్సిడెంట్ లేదు. కౌన్సెలింగ్‌కి చెప్పిన రోజున వెళ్ళండి, ఎగ్గొట్టొద్దు. కోర్టులో జడ్జి గారు అడిగితే నిజం చెప్పమనండి. జరిమానాతో పోవచ్చు, ఒకటి రెండు రోజుల శిక్షో సామాజిక సేవో కూడా వేయొచ్చు. అది జడ్జి గారి ఇష్టం. దళారీలు ఫోన్ చేసి "మేం చూసుకుంటాం" అంటే ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఆ కాగితాల మీద అచ్చు త్వరగా చెరిగిపోతుంది, ఈ రోజే జిరాక్స్ తీసి పెట్టుకోండి.

సిరి_నిజాంపేట
మంగళవారం, రాత్రి 9:25

రెండు రోజులు రాయలేకపోయాను, క్షమించండి.

నిన్న రాత్రి డాబా మీదికి తీసుకెళ్ళి రెండు కాగితాలూ వాడి చేతిలో పెట్టాను. ఏమీ అనలేదు. మాస్టారు రాసినది ఫోన్‌లో చూపించాను, చదివాడు. ఆ 5 తగ్గిన లెక్క దగ్గర ఆగిపోయాడు. చాలాసేపటికి "తొమ్మిదిన్నరకి ఒక్కటే అక్కా, ఒక్క బీరే" అన్నాడు. వేప్ కూడా నిజమేనట. సిగ్నల్ దగ్గర కాదు, బారికేడ్లు కనిపించాక లాగాడట, అడిగితే వేప్ వల్లే అని చెప్పొచ్చని ఫ్రెండ్ ఎప్పుడో చెప్పాడట. అది చెబుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

కూల్ రైడర్ తమ్ముడూ, నీకు కోపంగా రాయడం లేదు. మా వాడికి ఆ మాట చెప్పింది కూడా నీలాంటి కుర్రాడే అయి ఉంటాడు.

నాన్నకి చెప్పమని వాణ్ణే పంపాను. నేను వంటింట్లో నిలబడి విన్నాను. నాన్న అరవలేదు. "చిన్నాన్న కూడా ఒకటే అని మొదలుపెట్టాడురా" అన్నారు, అంతే. కాసేపాగి "కౌన్సెలింగ్ ఎప్పుడు" అని అడిగారు.

శుక్రవారం ఉంది. నాన్నే వెళ్తున్నారు వాడితో. ఆధార్, లైసెన్స్, ఆర్సీ జిరాక్సులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఆ రెండు కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి.

డ్రైవర్ గారూ, రేపు పొద్దున ఎన్ని గంటల బండి మీది?

ఎర్రబస్సు_డ్రైవర్
బుధవారం, ఉదయం 4:50

ఐదింటి బండేనమ్మా. ఊదాను, సున్నా వచ్చింది. బయలుదేరుతున్నా.